లారీల బాటలో సమాధి

ఏసేపును ఏటి ఇసుకలోంచి బయటికి లాగుతుంటే, కేక వినపడే దూరంలోనే పొక్లెయిన్ యంత్రం ఇసుక తోడి లారీ నింపుతూ ఉంది. ఊరంతా చూసింది. యంత్రం ఆగలేదు.

భార్య విశ్వాసమ్మ అతని ముఖాన్ని కొంగుతో తుడిచింది. ముక్కులో, నోట్లో ఇసుక. వానల్లేక సేద్యం పోయిన నాటినుంచి ఏసేపు ఆ ఇసుకనే లారీలకెత్తి కూలి తెచ్చాడు. "ఎత్తితే ఏం పోతాదే? హంద్రి ఏరు ఒక్కసారి పారితే మళ్లా తెచ్చిపోస్తాది" అనేవాడు. అందరూ అలాగే నమ్మారు. హంద్రి పారలేదు. ఇసుక పోయేకొద్దీ చెలమల్లో నీళ్లు దిగిపోయాయి. మోకాటి లోతున ఊరే తాగునీటికి నిలువు లోతు తవ్వవలసి వచ్చింది. ఆ పొద్దున యంత్రం కోసిన ఇసుక గోడ కింద ఏసేపు చెలమ తవ్వాడు, ఇంటికి బిందెడు నీళ్ల కోసం. గోడ విరిగి మీద పడింది.

మరునాడు చర్చి ముందు ఏసేపు శవపెట్టె చుట్టూ జనం.

"ఇంక లారీలు నిలపాల" అంది పక్కింటి భీమక్క.

"నిలిపితే కూలి యాడ్నుంచి వస్తాది? నీ మొగుడు పెడతాడా?" అన్నాడు కూలీల మేస్త్రీ కంబన్న.

"నా మొగుడు పెట్టేటోడైతే నీ మొగం ఎందుకు చూస్తానప్పా? నీళ్లు ల్యాకపోతే ఆ దుడ్లు నాకుతావా?"

ఎవరో నవ్వారు. పెట్టె వైపు చూసి ఆపుకున్నారు.

ఇసుక కాంట్రాక్టరు మనిషి విశ్వాసమ్మ ముందుకొచ్చాడు. "దేవుడు పిల్చుకున్నాడమ్మా. ఎవురేం చేస్తారు?"

ఆమె తలెత్తింది. "ఏరు ఇచ్చింది దేవుడే సారూ. ఇసుక మళ్లా నిండేదాకా ఆగకుండా కొయ్యమని ఆయన యాడ చెప్పినాడు?"

ఆమె కంబన్న వైపు తిరిగింది. "అప్పా, ఆయన్ని ఏటి గట్టు మీద పూడ్చండి. లారీలు దిగే బాటలో."

"సమాధుల తోటలో మీ అత్త పక్కన జాగా ఉండాది కదమ్మా" అన్నాడు పాస్టరు.

"ఉండాది అయ్యగారూ. ఇద్దరం ఆడనే పండుకుందామనుకున్యాం." ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టింది. "నాకు మాత్రం ఇష్టమా? లారీలు మళ్లా దిగితే ఊరికి ఆ చెలమలు గూడా మిగలవు."

కంబన్న తన కింద ఇసుకెత్తిన మనిషి పెట్టె దగ్గరికొచ్చాడు. తర్వాత వంగి పార అందుకున్నాడు. పెట్టెను గట్టుకు మోసుకెళ్లి, లారీలకు ఇసుకెత్తిన పారలతోనే కూలీలు బాటకు అడ్డంగా గుంత తీశారు. పాస్టరు ప్రార్థన చేసి పెట్టె దింపించాడు. కూలీలు పిడికెడు పిడికెడు మట్టి వేశారు. గుంత అవతల లారీలు వరుసగా నిలిచి హారన్లు మోగిస్తున్నాయి.

జీపు వచ్చింది. ఎస్సై దిగాడు.

"బాటలో శవాన్ని పూడుస్తారా? తియ్యండి బయటికి! మట్టేసినోళ్లందరి మీదా కేసు పెడతా. ఎవురెవురు?"

"మొదట ఏసింది నేనే సారూ" అని కంబన్న జీపెక్కి కూర్చున్నాడు.

"రొంతసేపు ఆగు సారూ, నేనింకా ఎయ్యలే" అని భీమక్క వంగి పిడికిట మట్టి తీసుకుంది. ఆమె వెనక మరో ఆడమనిషి బిందె దించింది. చర్చికి ఎప్పుడూ రానివాళ్లు, ఏసేపుతో ఏనాడూ మాట్లాడనివాళ్లు వరుసలోకి వచ్చారు. మట్టి వేసినవాళ్లు పిలవకుండానే వెళ్లి జీపు పక్కన నిలబడుతున్నారు.

విశ్వాసమ్మ గుంత అంచున కూర్చుంది. పిడికెడు పడ్డప్పుడల్లా ఏసేపు ఇంకాస్త దూరమైపోతున్నాడు. అయినా ఆమె ఎవరినీ ఆగమనలేదు.