గోడకేసి చూసే ప్రాసెస్

ఆ ఆసుపత్రి కంప్యూటర్లలో పని మధ్యలో ఇరుక్కుపోయిన ప్రాసెస్‌లు మెషీన్ల గది బయట బెంచీ మీద కూర్చుని ఉండేవి. నర్సులు వాటి కాళ్లు తొక్కకుండా పక్కనుంచి నడిచేవాళ్లు. కంప్యూటర్లు చూసే ఆవిడను అందరూ మెషీనమ్మ అనేవాళ్లు. ఆవిడ పొద్దున్నే వచ్చి, కూర్చుని, ఒక్కొక్కదానికీ చంపు ఆజ్ఞ పంపేది. అవి లేచి, ఒళ్లు విరుచుకుని, గాలిలో కలిసిపోయేవి.

ఆ రోజు ఒకటి కదల్లేదు. బూడిదరంగు మనిషిలా, ఒళ్లో ఏదో పొదివి పట్టుకుని, ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చుంది. మెషీనమ్మ మళ్లీ ఆజ్ఞ పంపింది. ఊహూఁ.

"ఏం మొండిఘటమే!" అంటూ వంగి చూసింది. ఒళ్లో ఉన్నది స్కాన్ బొమ్మ. లిఫ్టు నడిపే అతని భార్యది.

సూపరింటెండెంటు వచ్చాడు. "దీనివల్ల పనంతా నత్తనడక నడుస్తోంది. మెషీన్ ఆపి మళ్లీ పెట్టండి."

"ఆపితే ఇది పోతుంది సార్. దీంతోపాటు బొమ్మా పోతుంది."

"మళ్లీ తీయించుకుంటారు."

"ఎలా తీస్తారు సార్?" పక్కనే లిఫ్టు తలుపు తెరిచి నిలబడ్డ లిఫ్టతను అడిగాడు. "రంగు మందు ఇంకోసారి ఎక్కిస్తే కిడ్నీలు తట్టుకోవన్నారు. బొమ్మ లేకపోతే ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు."

"సరే, నేను భోంచేసి వచ్చేదాకా," అని సూపరింటెండెంటు వెళ్లిపోయాడు.

"అక్కా, దానికి చెవుడా?" లిఫ్టతను మెషీనమ్మ దగ్గరికొచ్చాడు.

"ఎదురుచూసేదానికి చెవులుండవురా. అడిగింది అందేదాకా చావు కబురు కూడా వినబడదు."

"దేనికోసం చూస్తోంది?"

"అదే నాకూ తెలియాలి." మెషీనమ్మ దాని పక్కనే బెంచీ మీద కూర్చుని, అది చూసే వైపే చూసింది. గోడ. గోడవతల ఖాళీ గది. బొమ్మలు దాచే డిస్కు పెట్టె నిన్న సాయంత్రం దాకా అక్కడే ఉంది. పై అంతస్తుకు మార్చి, కొత్త అడ్రసు ఇచ్చింది తనే.

"ఇల్లు ఖాళీ చేసినవాళ్ల తలుపు కొడుతోంది పాపం."

"పైకి వెళ్లమని చెప్పక్కా!"

"చెబితే వినేదైతే పొద్దున్నే చచ్చేది కదరా!" అని నవ్వబోయి ఆగిపోయింది. తను పంపిన ఆజ్ఞ వెనక్కి రాదు. దాని చెవి దగ్గరే కాచుకుని ఉంది. బొమ్మను అది ముక్కముక్కగా దాస్తుంది; చేతిలో ఉన్న ముక్క డిస్కులో పెట్టగానే ఆజ్ఞ వింటుంది, చస్తుంది. అదే ఆఖరి ముక్కైతే సరే. ఇంకొక్కటి మిగిలినా అంతే సంగతులు. ఒళ్లో ఏముందో చూడకుండా చంపబోయినందుకు తన నెత్తి తనే మొట్టుకుంది.

పై అంతస్తులోని డిస్కు పెట్టెకు పాత అడ్రసు కూడా తగిలించింది.

బూడిదరంగు మనిషి రెప్పలార్పింది. లేచి గోడలోంచి వెళ్లింది. ఖాళీ చేతులతో తిరిగొచ్చి, ఎవరో పిలిచినట్టు తల తిప్పి, మాయమైంది.

"వచ్చిందా అక్కా?"

మెషీనమ్మ తెర మీద బొమ్మను పైనుంచి కిందికి జరిపింది. కింది అంచు దాకా ఉంది. పిలిస్తే వచ్చిన డాక్టరు, కాలేయం పక్కన నల్లటి మచ్చ మీద వేలు పెట్టింది.

"ఈవిణ్ణి ఇంటికి పంపుతున్నదెవరయ్యా? థియేటర్ సిద్ధం చెయ్యమను!"

లిఫ్టతను లిఫ్టు తలుపు తెరిచే వదిలేసి మెట్ల మీద పరుగెత్తాడు, వార్డులో బట్టలు సర్దుకుంటున్న భార్యను ఆపడానికి.