మా తలుపుకో దండ

జూన్ నెలలో మా ఇంటికి వస్తే ఎవరైనా క్రిస్మస్ రేపే అనుకుంటారు. అరటిని పోలిన అబకా చెట్టు నారతో అల్లిన గుండ్రటి దండలు దూలాలకు వేలాడుతుంటాయి, మంచాల కింద దూరి ఉంటాయి, వంటింట్లో బియ్యం డబ్బా మీద కూడా పేర్చి ఉంటాయి. మా అత్తగారు ఓరింగ్ వాటి మధ్య దారి చేసుకుంటూ, "ఈ ఇంట్లో బల్లులు కూడా భక్తిలో పడ్డాయి" అని విసుక్కుంటుంది. ఆగస్టులో లారీ వచ్చి అన్నిటినీ ఓడరేవుకు మోసుకుపోతుంది. సెప్టెంబరు రాగానే ఊరంతా క్రిస్మస్ పాటలు మొదలవుతాయి, అప్పటికి మా ఇల్లు ఊడ్చిపెట్టినట్టు ఉంటుంది. మయోన్ కొండ కింద మా పేటలో ప్రతి ఇల్లూ అంతే. ఎక్కడెక్కడి తలుపులకో దండలు అల్లేది మేము, మా తలుపులేమో బోడివి.

ఎందుకంటే బెలెన్ ఒప్పుకోదు. నార తెచ్చి ఇచ్చేదీ, అల్లినవి పట్టుకుపోయేదీ ఆమే. ఒకప్పుడు నా పక్కన కూర్చుని అల్లిన మనిషి. జ్ఞానస్నానం రోజున నా కూతురిని ఎత్తుకున్న జ్ఞానతల్లి కూడా, అందుకే ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఈ చుట్టరికం పండక్కి పనికొస్తుంది గానీ పని దగ్గర అక్కరకు రాదు. సరిగా కుదరని దండలను ఆమె మాకు వదిలిపెట్టదు. లోపం ఏమిటో పైకి చెప్పి, మా కళ్ళముందే కత్తెరతో రెండు ముక్కలు చేస్తుంది. "ముడి వదులు." కచక్. "రంగు మాసింది." కచక్. పైదేశాల్లో కొనేవాళ్ళ నమూనా బయట ఎక్కడా కనబడకూడదట. ముక్కలు మా పొయ్యిలోకి పోతాయి. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని చూశాను, లోపం నిజంగానే ఉండేది కనక.

నాకు ఒళ్ళు మండింది నా సొంత దండ దగ్గర.

అటు కిందటేడు తుఫాను మా కప్పు రేకులు ఎగరేసుకుపోయింది. వాన వెలిశాక మా ఆయన రేకులు వెతకడానికి పోయాడు. నేను తడిసిన ఇంట్లో చేతులు ఊరుకోక, మిగిలిపోయిన ముతక నార తీసి ఒక దండ అల్లాను. బాదంలాంటి పిలి కాయల పెంకులు చీల్చి పూరేకుల్లా చుట్టూ పేర్చాను. ఎవరి నమూనా చూసీ చేసింది కాదు. కప్పు లేని ఇంటికి తలుపైనా అందంగా ఉండాలనిపించింది, అంతే. ఆ సాయంత్రమే బెలెన్ మేం బతికున్నామో లేదో చూడటానికి బియ్యం, చేపల డబ్బాలు పట్టుకుని వచ్చింది. చెడ్డ మనిషి కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆమె కళ్ళు తలుపు మీద పడ్డాయి.

"వదినా, ఇది ఒకసారి ఇస్తావా? వాళ్ళకి చూపించి తెస్తాను."

ఇచ్చాను. అది తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో నార లారీతో పాటు కబురొచ్చింది. కొనేవాళ్ళు దాన్ని చూసి మురిసిపోయారట, ఈ ఏడు పేటంతా అదే అల్లాలట. అందరికీ నేర్పింది నేనే. గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు? ఆ మురిపెంలో నాకొక మాట తట్టనే లేదు. ఆ రోజు నుంచి అది నాది కాకుండా పోయిందని.

ఆ డిసెంబరులో పండక్కి ముందు జరిగే తెల్లవారుజాము పూజలు మొదలయ్యాయి. మొదటి రోజు చర్చి బయట నిలబడి బియ్యప్పిండితో కాల్చిన వేడివేడి బిబింగ్కా తింటుంటే నాకు నా దండ కావాలనిపించింది. ఆకలేసినట్టే అనిపించింది. ఇంటికొచ్చి మూల పడున్న నార దులిపాను, పెంకులు ఏరాను. మధ్యాహ్నానికల్లా అల్లి తలుపుకు తగిలించాను.

ముందు వచ్చింది పక్కింటి లూడింగ్. ఆ పెంకుల పని నా దగ్గరే నేర్చుకుంది.

"ఏమే సాల్వే, మతి గాని పోయిందా నీకు? బెలెన్ చూస్తే?"

"చూడనీ."

"చూడనీ అంటావేంటే! నీ ఒక్కదానికే కాదు, మా అందరి నోటికాడ కూడు తీస్తుంది."

"నీ తలుపుకు కట్టానా? నా తలుపుకు కట్టుకున్నాను."

"అది కొనేవాళ్ళదే తల్లీ!"

"వాళ్ళు కొన్నవి వాళ్ళు పట్టుకుపోయారు. ఇది వాళ్ళకెప్పుడు అమ్మానే?"

లూడింగ్ చేతులు తిప్పుకుంటూ వెళ్ళిపోయింది. నాకు బాధేసింది. ఆమె భయం ఉత్తుత్తిది కాదు. నా ఇంట్లోనూ ఆ పని మీదే పొయ్యి వెలుగుతుంది. అయినా దండ తీయబుద్ధి కాలేదు.

అత్తగారు తిడుతుందనుకున్నాను. నేనేం చేసినా వంక పెట్టకుండా ఊరుకునే మనిషి కాదు. గుమ్మంలోకి వచ్చి దండను ఒకసారి లాగి చూసింది.

"ఇంకో మేకు కొట్టు. ఎవరైనా లాగితే ఊడి చేతికి రాకూడదు."

మర్నాడు బెలెన్ రానే వచ్చింది. వెనకే పేటలో సగం మంది వచ్చారు.

"తియ్యి వదినా," అంది, ఇంకా మెత్తగానే.

"తియ్యను వదినా."

"ఎవడో ఒకడు ఫోటో తీసి పెడతాడు. వాళ్ళు చూస్తారు. ఆర్డరు ఆగిపోతే నేనేం సమాధానం చెప్పను?"

"అది అల్లినావిడ ఇల్లని చెప్పు."

"నీకు చెప్తే అర్థం కాదు. ఆ డిజైను వాళ్ళది."

"రేకులెగిరిపోయిన ఇంట్లో కూర్చుని అల్లాను దాన్ని. అప్పుడు వాళ్ళెక్కడున్నారు?"

లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది. "బెలెన్, నీ తలుపుకేం కట్టావమ్మా? మాల్‌లో కొన్న ప్లాస్టిక్‌ది కదూ? పాపం, దానికెవరూ అడ్డు చెప్పలేదా?"

జనం గొల్లున నవ్వారు. బెలెన్ మొహం కందిపోయింది. సంచిలోంచి కత్తెర తీసింది. నవ్వులు ఆగిపోయాయి.

నేను అడ్డం పడతానని అందరూ అనుకున్నట్టున్నారు. నేను పక్కకు జరిగాను.

"కొయ్యి. కాకపోతే ఎప్పుడూ కోసేట్టే కొయ్యి. లోపమేంటో ముందు చెప్పు, అందరూ వినేట్టు చెప్పు."

బెలెన్ దండకు దగ్గరగా జరిగింది. ఆమెవి అల్లిన చేతులే కదా, వాటికి తెలుసు ఎక్కడ వెతకాలో. ముడులు లాగి చూసింది. పెంకుల కింద బొటనవేలు పోనిచ్చింది. దండను మేకు మీదే తిప్పి వెనక వైపు చూసింది. మేమంతా దొంగపని చేసేది అక్కడే. అక్కడా నార నున్నగా, బిగువుగా ఉంది. లూడింగ్ మెడ చాచి చూస్తోంది.

"చెప్పు వదినా," అన్నాను.

"అల్లికలో లోపమేం లేదు," అంది బెలెన్, గొంతు తగ్గించి. తర్వాత పౌరుషం వచ్చి గట్టిగా అంది. "నీ తలుపుకు ఉండటమే దీని లోపం!"

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. బెలెన్ తన మాట తనే విన్నదానిలా నిలబడిపోయింది.

"ఆ లోపం నేను దిద్దను," అన్నాను.

కత్తెర సంచిలోకి పోయింది. "ఫిబ్రవరిలో నీకు నార రాదు, ముందే చెప్తున్నాను."

"రాకపోతే మానె." ఆమె తిప్పిన దండను మేకు మీద మళ్ళీ సరిచేశాను.

ఆమె వెళ్ళాక పెరట్లో కూర్చుని ఏడ్చాను. భయం వేయలేదంటే అబద్ధం. పండగ రోజున నా కూతురు ఆశీర్వాదానికి జ్ఞానతల్లి ఇంటికి వెళ్ళింది. బెలెన్ చెయ్యి ఇచ్చింది, పిల్ల నుదుటికి ఆనించుకుంది, కొత్త గౌను కూడా పెట్టింది. నా సంగతి ఎత్తలేదట. లూడింగ్ మాత్రం ఇప్పటికీ మొహం తిప్పుకునే పోతోంది. ఆర్డరు ఆగలేదు, అయినా తిప్పుకునే పోతోంది.

ఇప్పుడు నేను కూడలి దగ్గర కొబ్బరిపాలతో వండిన చేమాకు కూర అమ్ముతున్నాను. అబకా దండలంత గిట్టుబాటు కాదు. మా ఆయన ఒకసారి, "ఒక్క దండ కోసం ఇంత అవసరమా?" అన్నాడు. "అవసరమే," అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఫిబ్రవరిలో నార లారీ మా వీధిలోకి వచ్చింది. ముందు సీట్లో బెలెన్ ఉంది. అది ఇంటింటికీ ఆగుతూ వస్తుంటే, గాలి కోసం తెరిచిపెట్టిన మా తలుపును నేను దగ్గరికి లాగి మూశాను. దండ ఆమెకు ఎదురుగా నిండుగా కనబడేట్టు చూసుకుని, దాని పక్కనే అరుగు మీద కూర్చున్నాను.