ఇంటికి ఫోన్ చేశాకే

పొద్దున్నే ఇస్రాయేలు ఫోన్‌లోకి మూడు చావులు వచ్చాయి. అందులో ఒకటి తనదే.

ఎప్పుడో ఒక పందెం దగ్గర కొలత టేపు పట్టుకొని నిలబడినప్పుడు ఎవరో తీసిన ఫోటో అది. దాని చుట్టూ బంతిపూల దండ వేశారు. పక్కన దీపం, కింద ‘అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలు. పంపినవాడి పేరు నడిగడ్డ టైగర్. ముఖం ఉండాల్సిన చోట ఎద్దు ముఖం ఉంది. ఇస్రాయేలు అడ్మిన్‌గా చూసుకునే ఎద్దుల పందేల గ్రూపులో సగం మంది అంతే. సొంత ముఖం పెట్టుకునే ధైర్యం లేక ఎద్దు ముఖం తగిలించుకుంటారు. ఎద్దులు నోరు లేనివి కాబట్టి ఊరుకున్నాయి.

ఇస్రాయేలు వేపపుల్ల నములుతూనే ఆ పోస్టును తీసేశాడు. పొయ్యి ముందు కూర్చున్న భార్య జములమ్మ తలెత్తి చూసింది.

“మల్ల సంపిన్రా నిన్ను?”

“ఆ. ఈసారి దీపం గూడ వెట్టిన్రు. మనకు సిలువ వెట్టాలని గూడ తెల్వదు ఆళ్లకు.”

“సంపుడే గాని బొంద తవ్వనీకె ఒక్కడన్న వస్తడా?” అంటూ ఆమె రొట్టె తిప్పింది.

ఇస్రాయేలు నవ్వాడు. అతను పొడవుగా, ఎండిన కంది కట్టెలా ఉంటాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు వంగవు. చాలా ఏళ్ళ కిందట బెదిరిన గిత్త పగ్గాన్ని గుంజినప్పుడు అవి నలిగిపోయాయి. అందుకే ఫోన్ మీద ఏది రాసినా కుడి బొటనవేలితోనే రాస్తాడు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. మండలంలోని పశువుల దవాఖానలో అటెండరు పని. వేసుకునేది రెండే ఖాకీ చొక్కాలు. పశువు కాళ్ళ దగ్గర వంగినప్పుడల్లా ఫోన్ జారి పేడలో పడుతోందని జములమ్మ ఆ చొక్కాల జేబులు విప్పి, లోతుగా కుట్టి, పైన గుండీ పెట్టింది.

‘నడిగడ్డ బండలాగుడు అభిమానులు’ అనే ఆ గ్రూపులో నలభై వేల మంది ఉన్నారు. ఎద్దుల జతలతో బండ లాగించే పందేలంటే వాళ్ళకు షోకు. ఎవరి జత ఎంత దూరం లాగింది, ఎవరి గిత్త వయసు తెలిపే పళ్ళ లెక్క దాచి చిన్న విభాగంలో దింపారు, ఎవరు చర్నాకోల ఎక్కువ వాడారు అని తగువులాడతారు. ఆ తగువులు సాయంత్రానికి ఎద్దులను వదిలి మనుషుల మీదికి, చీకటి పడేసరికి ఇంటి ఆడవాళ్ళ మీదికి వస్తాయి. దీన్ని వాళ్ళు అభిమానం అంటారు.

గ్రూపు పెట్టింది వనపర్తిలో ఎరువుల దుకాణం ఉన్న బాలకృష్ణ. దుకాణం పేరు నలుగురికీ తెలుస్తుందని పెట్టాడు. రోజూ తిట్లు ఏరి పారేయడం విసుగనిపించి, ఆ పని ఇస్రాయేలుకు అప్పగించాడు. పందేలలో టేపు పట్టే మనిషి కనుక ఏ జత ఎవరిదో అతనికి తెలుసు. అతను ఆ పనిని పనిగానే చేశాడు. అది చాలామందికి నచ్చలేదు. ‘ఎద్దు లేనోనికి ఎద్దుల గ్రూపు పెత్తనమేందిరా’ అని ఒకడు రాశాడు. ‘ఆని ఇంట్ల మేక గూడ లేదంట’ అని ఇంకొకడు. అంతకు మించి రాసినవి కూడా ఉన్నాయి. పేట పేరు, తాత పేరు ఎత్తి రాసినవి. వాటిని ఇస్రాయేలు ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

రెండో చావు ధరూరు వైపు ఒక గిత్తది. ఆ ఇంటికి ఫోన్ చేశాడు.

“సచ్చుడా?” అన్నాడు అవతలి రైతు. “గిప్పుడే మా బామ్మర్దిని తన్నింది. ఆడే కుంటుతుండు. ఎవడన్నా గా కూత గూసింది?”

“ఎవడో లేన్నా. ఏం ఫికర్ జేయకు,” అని ఇస్రాయేలు దాన్నీ తీసేశాడు.

మూడోది చూసి మాత్రం పుల్ల పారేశాడు. భీమయ్య ఎద్దు తెల్లోడు. మళ్ళీనా అనుకున్నాడు.

మూడేళ్ళ కిందట తెల్లోణ్ణి ఇట్లాగే ఒకసారి చంపారు. పంటలు పోయి భీమయ్య అప్పుడు పూణేలో బిల్డింగు పనిలో ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచి ఫోన్ చూస్తే ఎద్దు మెడలో కాదు, ఎద్దు ఫోటో మెడలో దండ ఉంది. ఇంటికి ఫోన్ చేసి అడిగే తెలివి కూడా ఆ క్షణంలో అతనికి మిగల్లేదు. గిన్నె అక్కడే వదిలి బస్సెక్కాడు. అతను ఊరికి వచ్చేసరికి ఇస్రాయేలు నట్టల మందు తాపడానికి ఆ కొట్టంలోనే ఉన్నాడు. తెల్లోడు నెమరు వేస్తున్నాడు. భీమయ్య ఎద్దు మెడ పట్టుకొని మెల్లగా కిందికి జారి, ఎద్దు కాళ్ళ మధ్య పేడలో కూర్చుండిపోయాడు. ఏడవలేదు. పళ్ళు మాత్రం టకటక కొట్టుకున్నాయి.

గ్రూపులో ఆ సాయంత్రం పండగ చేసుకున్నారు. ‘శవం లేచి గడ్డి తింటుంది’ అని ఒకడు రాస్తే వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్ళలో భూములున్నవాళ్ళు, ఉద్యోగాలున్నవాళ్ళు ఉన్నారు. పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ వారమే ఇస్రాయేలు బాలకృష్ణను అడిగి రూలు పెట్టించాడు. ఏ పోస్టయినా అడ్మిన్ చూసి ఒప్పుకున్నాకే గ్రూపులోకి రావాలి. ఎద్దు చావైనా మనిషి చావైనా ఇంటికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే పెట్టాలి. ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా ఆగాలి.

ఇప్పుడు ఆ రూలు ప్రకారమే భీమయ్య ఇంటికి ఫోన్ కలిపాడు. అతని భార్య హన్మమ్మ ఎత్తింది.

“అక్కా, పశుల దవాఖాన ఇస్రాయేలును. తెల్లోని మీద మల్ల గిట్ల ఒచ్చింది. ఏం లేదు, రూలు గదా అని జేసిన.”



“ఈపాలి నిజమే తమ్మీ,” అంది హన్మమ్మ. “తెల్లారేసరికి కాళ్లు జాపిండు. ఫోటో మా కొడుకు రాజుగాడే పంపిండు.”

ఇస్రాయేలు అరుగు మీద కూర్చున్నాడు. “అన్న ఏడుండు?”

“కొట్టంల కూసుండు. రాజుగాడు పంపుతుంటే ఒక్క మాటన్నడు, అంతే. పెడితే పెట్టుండ్రి గని, ఈపాలన్న ఎవ్వర్ని నవ్వనియ్యొద్దని ఇస్రాయేలుకు జెప్పుమన్నడు.”

“నవ్వనియ్య అక్కా.”

పోస్టును గ్రూపులోకి వదిలాడు. కింద తన మాట చేర్చాడు. ‘ఇంటికి ఫోన్ చేసిన. నిజమే. ఎవరు నవ్వొద్దు.’ రొట్టె సగం తిని, చొక్కా తొడుక్కొని, జేబు గుండీ పెట్టుకోకుండానే దవాఖానకు నడిచాడు.

ఆ రోజు పశువులు ఎక్కువే వచ్చాయి. పొదుగు వాచిన బర్రె ఒకటి, గిట్ట చీలిన ఎద్దు ఒకటి, ఊరికే భయపడి తోలుకొచ్చిన లేగదూడ ఒకటి. ఇస్రాయేలు వాటిని ఒక్కొక్కదాన్నీ ఇనుప చట్రంలో నిలబెట్టి, ముక్కుతాడు గుంజిపట్టి, డాక్టరు సూది వేసేదాకా వాటి చెవి దగ్గర ఏదో గొణిగేవాడు. పశువు బయటికి పోగానే చేతులు కడిగి, చొక్కాకు తుడుచుకొని, ఫోన్ తీసేవాడు.

తెల్లోడి ఫోటో కింద చాలామంది ‘ఓం శాంతి’ అని రాశారు. పందేలలో వాడు లాగిన తీరు గుర్తు చేసుకున్నారు. కామెంట్లు మూసేసే వీలుంది. మూస్తే ఇవి కూడా ఆగిపోతాయి. కొట్టంలో కూర్చొని భీమయ్య ఇవి చదువుకుంటాడు. అందుకని తెరిచే ఉంచాడు.

తెరిచిన తలుపులోంచి మిగతావాళ్ళూ వచ్చారు. ‘ఈసారి సినిమానా, ట్రైలరా?’ అన్నాడు ఒకడు. ‘మూడో రోజుకు మల్ల లేస్తడా, అడ్మిన్‌ను అడుగున్రి, ఆళ్ల దేవుడు లేసిండంట గద’ అన్నాడు నడిగడ్డ టైగర్. చచ్చిన ఎద్దునూ బతికున్న మనిషి దేవుణ్ణీ ఒకే వాక్యంలో తిట్టగలిగినందుకు అతనికి చప్పట్లు దొరికాయి. రాసిన మాటను చెరిపేయొచ్చు. నవ్వు బొమ్మను చెరిపే వీలు లేదు. నవ్వినవాణ్ణే గ్రూపులోంచి తీసేయాలి. ఇస్రాయేలు ఒక్కొక్కణ్ణే తీసేశాడు. పక్కన కట్టేసిన బర్రె అతని మోచేతిని నాకుతోంది. “ఆగవే, పనిల ఉన్న,” అన్నాడు దానితో.

మధ్యాహ్నం బాలకృష్ణ ఫోన్ చేశాడు.

“ఏందయ్యా ఇస్రాయేలూ, మా అయిజ పార్టీని గ్రూపులకెల్లి తీసేసినవంట?”

“నవ్విండు సేట్.”

“నవ్వితే ఏమైతది? ఎద్దే గదా సచ్చింది.”

“భీమన్న జూస్తుండు సేట్.”

“నలభై వేల మందిల ఒక్క భీమయ్య కోసం నా గిరాకీని పోగొడ్తవా? లారీలు లారీలు తీస్కపోయే పార్టీ అది. నీకేం, నీకు ఎద్దు లేదు, ఎరువు లేదు.” మళ్ళీ తనే అన్నాడు. “ఈ రూలుతోనే పరేషాన్ అంతా. తీసేస్త. ఎవరి పోస్టు ఆళ్లే వెట్టుకుంటరు. నీకు గూడ తిప్పలు వోతది.”

ఇస్రాయేలు చట్రం కడ్డీని పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. ఎద్దు గుంజిందేమో అనుకున్నాడు.

“తీసెయ్ సేట్. గని ఇయ్యాల ఒద్దు. ఇయ్యాలొక్క రోజు ఉండనియ్. జర, నీ కాల్మొక్త.”

బాలకృష్ణ పెద్దమనసు చేసుకున్నాడు. “సరే తీయ్. రేపు పొద్దుగాల తీసేస్త.”

ఎండ తగ్గాక డాక్టరు వెళ్ళిపోయాడు. ఇస్రాయేలు చట్రం కింద నీళ్ళు కొట్టి చీపురుతో ఊడ్చాడు. సూదులు ఏరి డబ్బాలో వేశాడు. తాళం చేతిలో పట్టుకొని సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. తెల్లోడి ఫోటో మీద కొత్తగా ఎవడో నవ్వాడు. వాణ్ణి తీసేశాడు. పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. నవ్వు ఒక్కటీ లేదు. ఫోన్ జేబులో వేసి, గుండీ పెట్టుకొని, గోడకు వీపు ఆనించాడు.

దూడను మళ్ళీ చూపించడానికి వచ్చిన మనిషి దవాఖాన మూసేశారా అని పిలిచాడు. జవాబు రాలేదు. తాళం ఇస్రాయేలు ఒళ్ళో ఉంది.

చీకటి పడకముందే ఇంటికి తెచ్చారు. చొక్కా విప్పి గోడ మేకుకు తగిలించారు. కూతురు అర్చన గద్వాల నుంచి వచ్చింది. పందేల దగ్గరివాళ్ళకు తెలియాలి కదా అని, ఏడుస్తూనే తన ఫోన్ నుంచి నాన్న ఫోటో గ్రూపుకు పంపింది. దండ వేయలేదు. ‘మా నాయిన ఇస్రాయేలు ఈ సాయంత్రం చనిపోయిండు’ అని మాత్రం రాసింది. ‘అడ్మిన్ ఆమోదం కోసం వేచి ఉంది’ అని వచ్చింది.

వనపర్తిలో బాలకృష్ణ దాన్ని చూశాడు. టైగర్‌గాడు వేరే పేరుతో మళ్ళీ మొదలుపెట్టాడనుకున్నాడు. అయినా రూలు రేపటిదాకా ఉంది కనుక, జీవితంలో మొదటిసారి దాన్ని పాటించాడు. ఇస్రాయేలు ఇంటికంటూ అతని దగ్గర ఉన్నది ఒక్కటే నంబరు. దానికే చేశాడు.

మేకుకున్న చొక్కా జేబులో ఫోన్ మోగింది. గుండీ బిగించి ఉంది. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు అటు చూశారు.

“ఎద్దులోళ్లే అయ్యుంటరు,” అంది జములమ్మ. “ఇగ యాడ లేస్తడు ఆళ్ల కోసం.”

ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేదు కనుక, రూలు ప్రకారమే, బాలకృష్ణ పోస్టును పక్కన పెట్టాడు. తెల్లారి, అన్నమాట ప్రకారమే, రూలు తీసేశాడు. ఇక ఎవరి పోస్టు వాళ్ళే నేరుగా పెట్టుకోవచ్చు. గ్రూపంతా సంబరపడింది. ‘అడ్మిన్ పీడ పోయింది’ అని రాశారు. నిజం ఎంత దగ్గర ఉందో తెలియకుండానే రాశారు. తీసేసినవాళ్ళందరినీ బాలకృష్ణ మళ్ళీ చేర్చుకున్నాడు. వాళ్ళు ముందుగా తెల్లోడి ఫోటో దగ్గరికే వెళ్ళి, నిన్న మిగిలిన నవ్వు నవ్వుకున్నారు.

ఆ సమయానికి భీమయ్య ఫోన్ దగ్గర లేడు. రాజుతో కలిసి ఇస్రాయేలు బొంద తవ్వుతున్నాడు. మట్టి వేయడం అయ్యాక జములమ్మ దగ్గరికి వచ్చి, తలగుడ్డ చేతిలోకి తీసుకొని నిలబడ్డాడు.

“నిన్నంతా జూసిన సెల్లె. ఒక్కడు నవ్వలే,” అన్నాడు.

ఆమె తలూపింది.

“ఆయిన ఫోటో మాత్రం గ్రూపుల రాలేదేందమ్మా?” అని అర్చనను అడిగాడు.

“పంపిన పెదనాయినా. ఇంటికి ఫోన్ జేసి అడిగినంకనే పెడ్తరంట.”

ఇప్పుడు అక్కడ రోజూ దండలు పడుతున్నాయి. చచ్చినవాటికీ, బతికున్నవాటికీ. ఎవరూ ఎవరి ఇంటికీ ఫోన్ చేయరు. రూలు ఉన్నప్పుడు వచ్చి ఆగిపోయిన పోస్టు ఒక్కటే ఉంది. దాన్ని తెరిచి చూడాలన్న సంగతి బాలకృష్ణకు గుర్తు లేదు.

చొక్కాను జములమ్మ ఇంకా ఉతకలేదు. అది మేకుకే వేలాడుతోంది. ఫోన్ బరువుకు జేబు కిందికి సాగింది. గుండీ ఎవరూ విప్పలేదు.