స్టీరింగు కింద ఎర్ర పోగు

ఎల్లస్వామి తల కిందికి, కాళ్లు సీటు మీదికి పెట్టుకొని బండిలో వెల్లకిలా పడుకొని ఉన్నాడు. స్టీరింగు కింది ప్లాస్టిక్ మూత అప్పటికే ఊడి పక్కన పడి ఉంది. లోపల రంగురంగుల వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటి వెనక, కన్ను పోని చోట, అరచేయంత నల్ల డబ్బా ఒకటి ఉంది. అతని కుడిచేయి దాన్ని తడుముతోంది.

"జర పైకి పట్టు," అన్నాడు.

అతని భార్య కృష్ణమ్మ తలుపు దగ్గర వంగి నిలబడి టార్చి పైకెత్తింది. వెలుతురు వణికి అతని ముఖం మీద పడింది.

"నా మొకం నువ్వు చూడనిదా? డబ్బా మీద పట్టు."

"చూసిందే గదా అని చూస్తున్న. గింత చలిల గా చెమటేంది నీకు?"

కార్తీకం పొద్దు ఇంకా రేకుల షెడ్డులోకి రాలేదు. వెనక ఇళ్లలో మగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. అయినా అతని ఖాకీ చొక్కా మెడ దగ్గర తడిసి నల్లగా అయింది. నిన్న పొద్దుగూకినప్పటి నుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. ఎడమ భుజం లాగుతోంది. తెల్లారగానే భువనగిరి దవాఖానకు పోదామని కృష్ణమ్మ సంచి కూడా సర్దింది. ఆ సంచి ఇప్పుడు షెడ్డులో స్టూలు మీద ఉంది.

"ఆటోల పోదాం లే. బండి మల్ల చేద్దువు."

"మల్ల అంటే ఎప్పుడే? మధ్యాహ్నానికి తుక్కు సేటు మనిషి వస్తడు. గుంజుకపోయినంక ఏం చేస్త? అయిపోంగనే గీ బండిలనే పోదం. మారయ్యనే దింపుతడు."

బండి మారయ్యది. పదిహేనేళ్ల నాటి తెల్ల ఎస్‌యూవీ. పెళ్లిళ్లకు కిరాయికి పోయేది, పోచంపల్లి చీరల మూటలను పట్నం చేర్చేది, ఎవరికన్నా పానం బాగలేకపోతే వాకిట్లోకి వచ్చి నిలబడేది. నెల రోజులుగా దానికి మతి తప్పింది. ఎర్రటెండలో వైపర్లు ఊగుతాయి. తలుపులు వాటంతటవే తాళాలు పడతాయి. మొన్న ఒక పెళ్లి బరాతులో హారన్ మొదలైందంటే, బ్యాటరీ తీగ పీకిందాకా ఆగలేదు. చీకటి పడితే పెద్దలైట్లు వెలగవు. పట్నంలో రెండుచోట్ల చూపిస్తే, బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయింది, కొత్తది దొరకదు, తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు. లైట్లను, తాళాలను, వైపర్లను నడిపించే డబ్బా అది.

"బండి పోతే నేను మల్ల ఒకల బండికి డ్రైవర్నే అన్నా," అని మారయ్య నిన్న నవ్వుతూ అన్నాడు. నవ్వి ముఖం అటు తిప్పుకున్నాడు. ఎల్లస్వామి ఆ ముఖం చూశాడు. అందుకే తుక్కు అంగళ్లన్నీ తిరిగి, అదే నంబరున్న డబ్బా ఒకటి సంపాదించి పెట్టాడు.

"పోగులియ్యి," అని చేయి చాచాడు.

కృష్ణమ్మ కొంగుముడి విప్పి పట్టు పోగుల ముక్కలు తీసింది. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం. ఆమె ఇంట్లో చట్రపు మేకులకు దారం చుట్టి ఆసు పోసేటప్పుడు, చిటికి కట్టేటప్పుడు తెగి పడినవి. పోచంపల్లిలో చీర మీద పువ్వు రావాలంటే, అద్దకానికి ముందే పట్టు దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టాలి. కట్టినచోట రంగు అంటదు. అదే చిటికి. ఎల్లస్వామి చిన్నతనమంతా ఆ పనిలోనే గడిచింది. అన్నదమ్ములు ముగ్గురు, ఇంట్లో మగ్గాలు రెండు. చిన్నవాడు గనుక అతనే లారీ క్లీనరుగా వెళ్లిపోయాడు. వైర్ల పని నేర్చుకొని తిరిగొచ్చి, ఊరి చివర ఈ షెడ్డు వేసుకున్నాడు. మగ్గం పోయింది గాని ముడి పోలేదు. డబ్బాకు గుచ్చి ఉన్న ఒక్కో వైర్ల గుత్తిని పీకే ముందు దానికి ఒక పోగు చిటికి కడతాడు. మొదటిదానికి ఒక ముడి, తర్వాతదానికి రెండు, ఆ పైదానికి మూడు. చూపు అందని చోట వేలు ముడిని చదువుకుంటుంది. బిగించేటప్పుడు ఒక్కో పోగే విప్పి జేబులో వేసుకుంటాడు. ఒక్క పోగు బండిలో మిగిలినా పని కానట్టే. ఇన్నేళ్లలో ఎవరి బండిలోనూ పోగు మిగలలేదు.

చివరి గుత్తి ఊడింది. నల్ల డబ్బా అతని గుండెల మీద పడింది. అది తగలగానే కళ్లు మూసుకొని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి కూర్చొని డబ్బాను వెలుతురులో తిప్పి చూశాడు. పిన్నుల మీద పచ్చగా, తెల్లగా చిలుము. వేలితో తాకితే జిగురు. ముక్కు దగ్గర పెట్టుకొని కృష్ణమ్మకు చూపించాడు.

ఆమె వాసన చూసింది. "గిదేందయ్యా, పులిసిన కొబ్బరి నీళ్ల లెక్కుంది!"

అప్పుడే చాయ్ గ్లాసులతో వచ్చాడు మారయ్య. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మెడలో ఎప్పుడూ తువ్వాలు.

"మారయ్యా, అమాసకు బండికి కొబ్బరికాయ యాడ గొడతవు?"

"అద్దం ముంగట్నే గదన్నా, వైపర్ల కాడ. నీళ్లన్నీ అద్దం మీదనే పోస్త. చల్లగుండాలె గదా!"

"ప్రతి అమాసకా?"

"అమాసకు, దసరకు, పెద్ద కిరాయికి పోయేముందు గూడ. ఎందుకన్నా?"

ఎల్లస్వామి అతన్ని వెంటబెట్టుకొని వెళ్లి, అద్దం కింద వైపర్లు మొలిచే చోట ఎండి చిట్లిన రబ్బరు చూపించాడు. అందులోంచి జారిన నీళ్లు తిన్నగా ఈ డబ్బా మీదే పడతాయి. ఏళ్ల తరబడి పడ్డాయి.

మారయ్య డబ్బాను, రబ్బరును మార్చి మార్చి చూశాడు. "అంటే... దిష్టి తీసి తీసి నేనే దీన్ని దవాఖాన పాల్జేసిన్నా?"

"చల్లగుండాలంటివి. చల్లగనే పండబెట్టినవ్," అంది కృష్ణమ్మ. ఆ ఉదయం మొదటిసారి ముగ్గురూ నవ్వారు. ఎల్లస్వామి నవ్వు మధ్యలో ఆగింది, చేయి ఛాతీ మీదికి పోయింది. చాయ్ సగం తాగి పక్కన పెట్టేశాడు. కృష్ణమ్మ ఆ గ్లాసు వైపే చూసింది.

ఎల్లస్వామి చిట్లిన రబ్బరు తీసి, ఆ సందును జిగురుతో మూశాడు. తుక్కు అంగడి నుంచి తెచ్చిన డబ్బాను ఇదివరకటి చోటనే బిగించాడు. చెయ్యి లోపలికి పెట్టి ఒక్కో ముడినీ వేలితో తడుముతూ గుత్తులు గుచ్చాడు. పచ్చ పోగు విప్పాడు, పసుపు విప్పాడు, నీలం విప్పాడు. ఒక్కోటి బయటికి వచ్చి జేబులోకి పోయేసరికి చాలాసేపు పడుతోంది. ఎర్ర పోగు ముడి అన్నిటికంటే లోపల ఉంది, దాని పొడుగాటి కొస మాత్రం వైర్ల మధ్య నుంచి కిందికి వేలాడుతోంది. ఆ గుత్తి గుచ్చాడు గాని, ముడి విప్పబోతే వేళ్లు పట్టు తప్పాయి. చెయ్యి బయటికి లాక్కున్నాడు.

"ఏమాయె?" అంది కృష్ణమ్మ.

"తిమ్మిరి. శివకుమార్ రానియ్యి, అటెన్క తీస్త."

శివకుమార్ చౌటుప్పల్ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఒకప్పుడు ఇదే షెడ్డులో పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు అతనికి సొంత దుకాణం ఉంది, స్కానర్ ఉంది. వేరే బండిలోంచి తెచ్చిన డబ్బాకు ఈ బండి తాళంచెవి ఎవరిదో తెలియదు. ఆ పరిచయం చెయ్యాల్సింది స్కానరే. అది ఎల్లస్వామికి రాని పని. అతను పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఉస్తాద్, మొకమేంది గట్లుంది?"

"నీ మిషన్ సంగతి చూడు ముందు. నా మొకానికి స్కానర్ లేదు."

"ఉంటది ఉస్తాద్. భువనగిరిల ఉంటది," అన్నాడు శివకుమార్. అతను నవ్వలేదు.

మొదటిసారి తాళం తిప్పితే బండి ఉలకలేదు. మారయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తుక్కు సేటు మనిషి అప్పటికే వచ్చి, క్రేన్ బండి రోడ్డు మీద ఆపి బీడీ కాలుస్తున్నాడు. శివకుమార్ మళ్లీ మొదటి నుంచి చేశాడు. రెండోసారి తిప్పగానే ముందు పెద్దలైట్లు రెండూ వెలిగి షెడ్డు గోడ తెల్లబడింది. వైపర్లు కదలలేదు. హారన్ మోగలేదు. ఎవరూ నొక్కలేదు గనుక అవి ఊరుకున్నాయి.

మారయ్య రోడ్డు మీదికి ఉరికాడు. "పో అన్నా, పో! ఇయ్యాల నీకు తుక్కు లేదు!" అని అరిచాడు. తిరిగొచ్చి ఎల్లస్వామి రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకొని వదిలేశాడు. "అన్నా, నీ చేతులు మంచుగడ్డ లెక్కున్నయి."

"ఇగ చాలు. లే," అంది కృష్ణమ్మ సంచి అందుకుంటూ.

"ఎర్ర పోగున్నది లోపల..."

"ఉంటే ఉండనియ్యి!"

అతను స్టీరింగు వైపు చూశాడు. "సరే. వచ్చినంక తీస్త. మారయ్యా, ముట్టకు దాన్ని. మూత గూడ పెట్టకు."

శివకుమార్ పట్టుకొని అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కృష్ణమ్మ పక్కన కూర్చుంది. బండి కదిలి కొద్ది దూరం పోగానే తలుపులన్నీ ఒక్కసారి టక్కుమని తాళాలు పడ్డాయి.

ఎల్లస్వామి తల ఆమె భుజానికి ఆనించాడు. "విన్నవా? ఒక్కసారే కొట్టింది. మునుపు కొడుతనే ఉంటుండె."

"విన్న. నువ్వు మాట్లాడకు."

మారయ్య పట్టపగలే పెద్దలైట్లు వేసుకొని నడిపాడు. ఎదురొచ్చే బండ్లు తప్పుకున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా వరి కోతకు వచ్చి ఉంది. ఎక్కడో కల్లం మీద మిషన్ దుమ్ము లేపుతోంది. రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. గేటు దాటగానే తిరగాల్సిన వైపు మారయ్య ముందే ఇండికేటర్ వేసి పెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. తప్పిపోకుండా, తడబడకుండా.

గూడ్సు బండి చాలా పొడుగుంది. పెట్టెలు పోతూనే ఉన్నాయి. కృష్ణమ్మ వాటినే చూస్తోంది. భుజం మీద బరువు మారినట్టు ఆమెకు తెలిసింది. మనిషి ఆనుకున్నప్పటి బరువు వేరు, ఇది వేరు. ఆమె కదలలేదు. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, వేళ్లను ఒక్కొక్కటే సరిచేసింది. నూనె మరకల కింద, చూపుడువేలు కొనన, చిన్నప్పుడు చిటికి కట్టి కట్టి దారం కోసిన సన్నగీత ఇంకా ఉంది.

"వదినా?" అన్నాడు మారయ్య అద్దంలో చూసి.

"నువ్వు పోనియ్యి," అంది ఆమె.

గేటు లేచింది.

పెద్దకర్మ అయిన మరునాడు మారయ్య బండితో ఇంటి ముందుకొచ్చాడు. మూత ఇంకా పెట్టలేదు. విప్పిన మూత వెనక సీట్లో గోనెసంచి మీద ఉంది. కృష్ణమ్మ ఆసు ముందు కూర్చొని ఉంది. పక్కన గిన్నెలో అతని జేబులో దొరికిన పోగులు మూడు, పచ్చ, పసుపు, నీలం.

"వదినా, శివకుమార్ మూత బిగిస్తనంటున్నడు. గా పోగు ఏం జెయ్యాలె? తీసి నీకియ్యాల్నా?"

ఆమె ఆసు ఆపి, పోగుల గిన్నెను దగ్గరికి జరుపుకుంది.

"తీస్తనన్నది ఆయన. నువ్వు కాదు, నేను కాదు," అంది. "మూతొద్దు. గట్లనే ఉండనియ్యి."

ఆ అమావాస్యకు మారయ్య కొబ్బరికాయను ముందు టైరు దగ్గర నేల మీద కొట్టాడు. నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. తర్వాత పెళ్లి కిరాయికి బయలుదేరాడు. బండి గతుకు ఎక్కి దిగినప్పుడల్లా స్టీరింగు కింద, వైర్ల మధ్య నుంచి వేలాడే ఎర్ర పట్టు పోగు కొస అతని మోకాలికి తగిలి, తప్పుకొని, మళ్లీ వచ్చి తగులుతోంది.