దారం కొలత

పొద్దున తొమ్మిది దాటాక ఖాజాబీ వచ్చి కూతురి వేలి కొలత దారాన్ని చేతిలో పెట్టగానే లింగమూర్తి అలవాటుగా అడిగాడు. "అక్కా, కణుపు మీద చుట్టినవా, కణుపు కింద చుట్టినవా?"

అడిగాక చూపు మేకుకు వేలాడుతున్న నిన్నటి దారం మీదికి పోయింది. సిద్దిపేటలో ముప్ఫై ఏళ్ళుగా నగలు చేసే అవుసల పని చేస్తూ, దారం తెచ్చిన ప్రతివాళ్ళనూ ఆయన అడిగే మాట అది. వేలి మొదట్లో చుట్టిన దారంతో ఉంగరం చేస్తే కణుపు దాటదు. ఆ మాట నిన్న కాబోయే కోడలి వేలి దారం తెచ్చిన ప్రమీలాదేవిని అడగలేదు. ఆమె కొడుకు ప్రభాకర్ నిశ్చితార్థం ఈ రోజే, పదకొండు గంటలకు, కొండపాకలో పిల్ల ఇంట్లో. ఉంగరం అప్పుడే జీపెక్కి వెళ్ళిపోయింది.

"ఏమైంది భాయ్?" అంది ఖాజాబీ.

"కొంప మునిగింది అక్కా."

మరిచిపోవడానికీ ఒక కారణముంది. నిన్న ప్రమీలాదేవి పాత కమ్మలు తెచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "అవుసలోడు తల్లి ముక్కుపుల్లల గూడ గింత గీక్కుంటడంటరు. నా కండ్ల ముంగటనే కరగవెట్టు," అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ కాలుతుంది. నిరుడు కాలం చేసిన తల్లి ముక్కుపుల్లను కరిగించడానికి చేతులు రాక, కాగితంలో చుట్టి, అతుకులు పెట్టే వెలిగారం డబ్బాలో దాచుకున్న మనిషాయన. ఒళ్ళు మండిపోయింది. బంగారం మూసలో వేసింది మొదలు ప్రతిదీ ఆమెకు చూపిస్తూ చేశాడు. ఆకురాయికి రాలిన పొడిని కూడా కుంచెతో ఊడ్చి, పొట్లం కట్టి ఆమె చేతికిచ్చాడు. త్రాసులో గురిగింజ ఎత్తు తేడా రాలేదు. దొంగను కానని రుజువు చేసుకునే తొందరలో పనివాడు పనినే మరిచాడు. పౌరుషం ఎవరికి అన్నం పెట్టింది గనక!

మేకు మీది నిన్నటి దారాన్ని తీసి చూశాడు. సన్నటి వేలు చుట్టుకొలత. కానీ "పిల్ల నాట్లేసిన చెయ్యి, మొరటుగుంటది, మొకం మాత్రం కళగల్లది," అని ప్రమీలాదేవి అన్నది గుర్తొచ్చింది. నాట్లేసిన చేతికి కణుపులు ఇంత సన్నగా ఉంటాయా? ఉంగరం ఎక్కకపోతే అపశకునమంటారు. అనేవాళ్ళకేం, అనేసి పోతారు. చెడేది ఆ పిల్ల సంబంధం.

"నా పని రేపు జేద్దువు గని, నువ్వు పో భాయ్," అంది ఖాజాబీ. "ఆడివిల్ల సంగతి."

చిన్న రంపం, ఊదుగొట్టం, పట్కారు, ఆకురాయి, వెలిగారం డబ్బా సంచిలో వేసుకుని బస్టాండుకు ఉరికాడు. సీట్లు నిండితే గాని కదలనని బస్సు మొండికేసింది. ఆయన కాలుకాలిన పిల్లిలా దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. బస్సు కదిలాక పక్కాయనను టైమడిగాడు. పదిన్నర. కాసేపటికే మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడే జెప్పిన గద పెద్దమనిషీ, నీకోసం గడియారం ఉరుకుతదా?" అన్నాడాయన.

దారిలో మేకల మంద అడ్డం వచ్చింది. అరవై మేకలకు అరవై శాపాలు పెట్టాడు లింగమూర్తి. తప్పు తనదైనప్పుడు మేకలే దొరుకుతాయి మనిషికి.

కొండపాకలో దిగి, ఎండలో నడిచీ, ఉరికీ పిల్ల ఇల్లు చేరేసరికి పందిట్లో మాటలు ఆగిపోయి ఉన్నాయి. పీట మీద పెళ్ళికూతురు సుగుణ తల వంచుకుని కూర్చుంది. ప్రమీలాదేవి ఆమె వేలు పట్టుకుని ఉంగరాన్ని నెడుతోంది. కణుపు దగ్గర వేలు ఎర్రగా కందింది.

"సబ్బు వెట్టుండ్రి," అన్నారొకరు.

"మొదట్లనే గిట్ల అడ్డం వడితె ఎట్ల?" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. పిల్ల తల్లి సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆగుండ్రి!" అన్నాడు లింగమూర్తి రొప్పుతూ. "తప్పు పిల్లది గాదు, శకునానిది గాదు. నాది. కొలత ఏడ వట్టిన్రో అడుగుడు మరిచిన."

"నేనే చుట్టిన, ఏలు మొదట్ల," అంది ప్రమీలాదేవి అయోమయంగా. "ఉంగురం ఉండేది గాడనే గద!"

సుమిత్రమ్మ బొగ్గుల కుంపటి తెచ్చి అరుగు మీద పెట్టింది. లింగమూర్తి ఉంగరాన్ని కోసి, కణుపు కొలతకు విప్పాడు. వడ్ల గింజంత సందు పడింది. దాన్ని పూడ్చడానికి బంగారం కావాలి.

"నిన్నటి పొడి ఏదమ్మా?"

"సిద్దిపేటల, బీరువల వెట్టిన."

లోపల్నుంచి పూజకు కూర్చున్న అయ్యగారు ముహూర్తం దాటుతోందని కేకేశాడు. వెలిగారం డబ్బా తెరిస్తే కాగితం పొట్లం చేతికి తగిలింది. లింగమూర్తి చెయ్యి ఆగింది. సుగుణ వైపు చూశాడు. ఆ పిల్ల కందిన వేలిని మరో చేత్తో దాచుకుంటోంది. ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. పొట్లం విప్పి, తల్లి ముక్కుపుల్ల కాడను కత్తిరించి, సందులో ఇమిడ్చి ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. పొగ కళ్ళల్లోకి పోయిందని అందరూ అనుకున్నారు.

చింతపండు నీళ్ళలో తోమి ఇచ్చిన ఉంగరం ఈసారి కణుపు దాటి మెత్తగా దిగింది. పందిరి మళ్ళీ మాటలతో నిండింది. సుగుణ వేలు చూసుకుని, తలెత్తి అరుగు వైపు చూసింది.

సంచి సర్దుకుంటున్న లింగమూర్తి దగ్గరికి ప్రమీలాదేవి వచ్చింది. "గా సందుల వెట్టిన బంగారం ఏడిది?"

ఆయన తలెత్తలేదు. "మా అవ్వ ముక్కుపుల్లది. నువ్వన్నది నిజమేనమ్మా. గీకిన."