తెర మూల కాగితం

అక్టోబరు తొమ్మిది. ఆ మధ్యాహ్నం మేం రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. గుడ్ల మీద ఉప్పు చల్లడం మరిచిపోయాను. మా అమ్మాయి పల్లెత్తు మాట అనకుండా తినేసింది. దాని దృష్టంతా సాయంత్రం అయిదు గంటల మీదే ఉంది.

నగర కార్యాలయం బురుజు మీది పెద్ద గడియారం పదకొండేళ్లుగా ఆగిపోయి ఉంది. దాన్ని బాగుచేసే పనికి దరఖాస్తులు ఆ రోజు అయిదింటితో ఆఖరు. మా గడియారాల షాపులో నా పక్కనే కూర్చుని పని నేర్చుకున్న నా కూతురు, ఆ గడియారం పళ్లచక్రాలకు అరవై బొమ్మలు గీసింది. అవన్నీ షాపులోని పాత కంప్యూటర్లో ఉన్నాయి. ఫోను మోయలేనంత బరువు.

నాలుగూ ఇరవైకి కార్యాలయం వెబ్‌సైటు తెరిచింది. తెరంతా ఎరుపు. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు.’

“నాన్నా, మామయ్యని పిలు.”

నా బావమరిది రెండు వీధుల అవతల కాలేజీలో సర్వర్లు చూసుకుంటాడు. రొప్పుకుంటూ వచ్చాడు.

“ఏం బావా, కంప్యూటర్ని కూడా విప్పి నూనె వేశావా?”

“వేస్తే నీ నోటికి వేయాలి. ముందు అది చూడు.”

“కింద ‘అయినా ముందుకు వెళ్లు’ అని ఉంది మామయ్యా. నొక్కేయనా?” అంది అమ్మాయి.

“చెయ్యి తియ్యి తల్లీ. మన బ్రౌజరు పలకరించగానే అవతలి సర్వరు తన గుర్తింపు పత్రం చూపించాలి. నమ్మకమైన సంస్థ సంతకం పెట్టిన పత్రం. అది సరిగ్గా ఉంటేనే ఇద్దరూ కలిసి రహస్యంగా ఒక తాళంచెవి తయారు చేసుకుంటారు.”

“ఆ చెవి ఎవరు ఎవరికి పంపుతారు?” అన్నాను.

“ఎవరూ పంపరు బావా, అదే తమాషా. ఎవరి అంకె వాళ్లు దాచుకుంటారు. దానితో కట్టిన లెక్క ఫలితం మాత్రమే బయటికి పంపుతారు. అవతలి నుంచి వచ్చినదాన్ని తమ అంకెతో కలిపి మళ్లీ లెక్క కడితే ఇద్దరికీ ఒకటే చెవి వస్తుంది. మధ్యలో చెవి ఒగ్గినవాడికి గుండుసున్నా.”

నలభై ఏళ్లుగా చక్రాల పొందిక చూస్తున్నాను. ఇంత అందమైనది చూడలేదు.

“మరి మనది ఎక్కడ ఆగింది?”

“పత్రం దగ్గరే. దొంగెవడైనా మధ్యలో కూర్చున్నాడేమో. అదే నిజమైతే దీని బొమ్మలన్నీ వాడి పాలు.” జేబులోంచి ఫోను తీసి చూశాడు. “ఇందులో బాగానే తెరుచుకుంటోందే.”

నాలుగూ ముప్పై ఎనిమిది. అమ్మాయి గోళ్లు కొరుకుతోంది. నేను అలవాటుగా కంటికి భూతద్దం బిగించి కింది సన్న అక్షరాలు చదివాను. ‘పత్రం ఇంకా అమల్లోకి రాలేదు.’

“ఇంకా రాకపోవడమేమిటి? దీని లెక్కన ఇవాళ ఏ తారీకు?” అన్నాను.

ముగ్గురం తెర మూలకు చూశాం. టైము కనబడే చోట కాగితం ముక్క అతికించి ఉంది. నా భార్య బతికున్న రోజుల్లో అతికించింది. గడియారాల షాపులో కూర్చుని కంప్యూటర్ని టైము అడిగితే పరువు పోతుందనేది.

“నెట్టు నుంచి టైము అదే తెచ్చుకోవాలి కదా?” అన్నాడు బావమరిది.

“మీ అక్క అదీ ఆపించింది. షాపునిండా టైము పెట్టుకుని అరువెందుకంది.”

“అక్కే,” అన్నాడు మెల్లగా. ఆ కాగితాన్ని వేలితో నిమిరాడు. మంచివాడు.

అమ్మాయి గోరుతో అంచు లేపి, కాగితం చిరగకుండా ఒలిచింది. కింద జనవరి ఒకటి, పదిహేనేళ్ల కిందటిది. పొద్దున బల్ల జరుపుతూ కరెంటు తీగ పీకాం. తారీకు గుర్తుంచుకునే లోపలి బిళ్ల బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో ఏమో.

“పదిహేనేళ్ల వెనక కూర్చుని ఇవాళ్టి పత్రం ఎలా నమ్ముతుంది, పాపం,” అంది అమ్మాయి. గోడ గడియారం చూసి తారీకూ టైమూ సరిచేసి, పేజీ మళ్లీ తెరిచింది.

ఎరుపు మాయమైంది. పైన బుల్లి తాళం గుర్తు. రెప్పపాటులో రెండు యంత్రాలు పలకరించుకుని, పత్రం చూసుకుని, చెవి తయారు చేసుకున్నాయి. ఒకటి, రెండు, పది, బొమ్మలు కదిలాయి. మా బావమరిది పైకే లెక్కపెడుతున్నాడు. నాలుగూ యాభై ఆరుకు అరవయ్యోది చేరింది. ‘మీ దరఖాస్తు అందింది.’

అమ్మాయి మామయ్య రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పింది. అంతలో గోడల మీది గడియారాలన్నీ ఒక్కసారిగా అయిదు కొట్టాయి.

చీకటి పడేవేళ సొరుగు తెరిచాను. బిళ్ల బ్యాటరీల డబ్బా మీద నా భార్య చేతిరాత, ‘పెద్దవి’ అని. అందులోదే ఒకటి కంప్యూటర్లో వేశాను. అమ్మాయి ఆ కాగితాన్ని మళ్లీ తెరకే అతికించింది, ఈసారి టైము కనబడేలా కాస్త పక్కకి. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా షాపు తలుపు మూసింది.