నూటొకటో ప్యాకెట్టు

మధ్యాహ్నం రెండు దాటినా రాహేలమ్మ అన్నం గిన్నె మూత తీయలేదు. నెలలో మొదటి శనివారం. పింఛన్లు, జీతాలు చేతికొచ్చిన జనంతో మార్ట్ కిక్కిరిసి ఉంది. వెనక ప్యాకింగ్ గదిలో కందిపప్పు దుమ్ము ఆడవాళ్ల కనురెప్పల మీద పసుపులా పేరుకుంటోంది. పొద్దున తొమ్మిదికి నిలబడిన మనిషి ఇంకా నిలబడే ఉంది. ఆ గదిలో కుర్చీలు వేయరు. కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని కంపెనీ నమ్మకం.

గోధుమపిండి బస్తాల చాటున మాత్రం నూనె డబ్బా ఒకటి బోర్లించి ఉంటుంది. రాహేలమ్మతో పనిచేసే సోమక్క పెట్టిందే. కెమెరా కన్ను దాని మీద పడదు. పదిమందీ వంతులు వేసుకుని ఐదేసి నిమిషాలు దాని మీద కూర్చుంటారు. ఇంతవరకూ ఎవరూ పక్కదాని వంతు తిననే లేదు.

"నీ వంతు వచ్చి పోతాండాది, పో రాహేలూ. కాళ్లు చూసుకున్న్యావా, బోండాల మాదిరి ఉబ్బినాయి," అంది సోమక్క.

"ఈ బస్తా కానీయక్కా."

"బస్తా యాడికీ పోదులే. దానికి కాళ్లు ల్యావు."

రాహేలమ్మ నవ్వేలోపే తలుపు దగ్గర హనుమేష్ కనిపించాడు. ఆలూరు వైపు పిల్లవాడు, ఇంకా ముప్పై నిండలేదు, ఫ్లోర్ ఇన్‌చార్జి. రోజూ "అక్కా, ఎన్నయినాయి?" అని అరుచుకుంటూ వచ్చేవాడు ఇవాళ లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"అక్కా, సార్ రమ్మంటాండాడు."

"ఏంటికప్పా?"

"రా అక్కా, చెప్తాడు." రెండడుగులు వేసి ఆగాడు. "నీళ్లు తాగి రా. నేను ఈడ్నే ఉంటా."

ఆ నీళ్ల మాటకే రాహేలమ్మకు ఏదో జరిగిందని అర్థమయింది.

మేనేజరు గది చల్లగా ఉంది. ఆయన ఈ ప్రాంతం వాడు కాదు, వచ్చి ఎనిమిది నెలలు. ఆమెను కూర్చోమనలేదు. బల్ల మీది తెర ఆమె వైపు తిప్పాడు.

"ఈ చెయ్యి ఎవరిదమ్మా?"

తెర మీద చెయ్యి. మణికట్టు దగ్గర నూనె కాలిన మచ్చ. తనదే. కవరు తూకం మీద ఉంది, అంకె ఐదు వందల దగ్గర నిలిచింది. ఇక అంచు అతికించాలి. చెయ్యి అతికించలేదు. మళ్లీ బస్తాలోకి పోయింది, నాలుగు వేళ్ల కొసలతో కాసింత పప్పు తెచ్చి కవర్లో రాల్చింది. అప్పుడు అతికించింది. తర్వాతి ప్యాకెట్టుకూ అంతే. ఆ తర్వాతిదానికీ అంతే.

రాహేలమ్మ తన చేతిని పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసింది. పది నెలలుగా ఇది ఇలా చేస్తోందని ఆమెకు తెలియదు.

అది కొసరు. పాతబజారు సందులో, తమ ఎనిమిదడుగుల వెడల్పు దుకాణంలో, పంతొమ్మిదేళ్లు వేసిన కొసరు. పప్పు తూచినా చింతపండు తూచినా తక్కెడ సమంగా నిలిచాక చిటికెడు వేయకుండా పొట్లం కట్టడం ఆ బజారులో ఎవరూ ఎరగరు. అమ్మేవాడు వేయకపోతే కొనేవాళ్లే "కొసరేదప్పా?" అని అక్కడే నిలబడేవారు. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద ఎసరు పెట్టగానే చర్చికని పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం వాళ్లమ్మ నేర్పింది. ఆ చేతికి అలా అలవాటయింది.

మార్ట్ వచ్చి రెండేళ్లయింది. దాని ముందరికి ప్రభుత్వ డబ్బుతో నాలుగు వరసల రోడ్డు, కాలువ, తెల్లటి లైట్లు వచ్చాయి. ఆ కాలువ పాతబజారు సందు మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి ప్రతి వానకూ నీళ్లు దుకాణాల్లోకే. మొదటి ఆరు నెలలు మార్ట్‌లో చక్కెర కిలో ముప్పై ఎనిమిది. రాహేలమ్మ భర్త లేవి హోల్‌సేల్‌లో కొనేదే నలభై రెండు. సందులో వాళ్లదీ కలిపి ఐదు దుకాణాలు మూతబడ్డాక చక్కెర నలభై ఆరయింది. లేవి ఇప్పుడు షేర్ ఆటో తోలుతున్నాడు. ఎక్కినవాళ్లలో సగంమంది దిగేది మార్ట్ గేటు ముందరే.

"యాభై కిలోల బస్తాకి నూటొక్క ప్యాకెట్లు రావాలి," అన్నాడు మేనేజరు. "అందరికీ వస్తున్నాయి. నీకు తొంభై తొమ్మిది. రోజుకి మూడు బస్తాలు. నెలకి డెబ్బై ఎనిమిది కిలోల పప్పు పోయింది. కిలో నూట నలభై లెక్కన పదివేల తొమ్మిది వందల ఇరవై. నీ జీతమే తొమ్మిది వేల ఎనిమిది వందలు. అంటే కంపెనీ నీకు జీతమిచ్చి ఎదురు డబ్బులిస్తోంది."

"నేను యాడికీ తీసకపోలేదు సార్. ఆ పప్పు కొన్నోళ్లకే పోయింది."

"ఎవరికి పోతేనేం, కంపెనీది పోయింది కదా." ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. పక్కనే నీలం సిరా డబ్బీ. మూత అప్పటికే తీసి ఉంది. "వేలిముద్ర వెయ్యి. నాలుగు నెలలు జీతంలో కోసుకుంటాం. పని పోదు. రేషన్ బియ్యం వస్తున్నాయిగా, ఇల్లు గడిచిపోతుందిలే. వెయ్యకపోతే ఈ నెల జీతం ఆపి పోలీసులకి ఇవ్వాల్సొస్తుంది. నాచేత అలా చేయించుకోవద్దనే చెప్తున్నా."

ఈ నెల జీతమంటే స్తుతి హాస్టలు ఫీజు. కూతురు కర్నూలులో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. పదో తేదీ లోపల కట్టాలి. రాహేలమ్మ సిరా డబ్బీ వైపు చూసింది. వేలు ముంచితే అయిపోతుంది. నాలుగు నెలలు ఎలాగో ఈడ్చొచ్చు.

కాగితం చేతిలోకి తీసుకుంది.

"అది చదవక్కర్లేదమ్మా."

"పది వరకూ చదువుకున్న్యా సార్. సంతకం పెట్టనీకె వస్తాది."

నెమ్మదిగా చదివింది. *సరుకును దురుద్దేశంతో దొంగిలించితిని.* ఆ ఒక్క మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఈ ఊళ్లో సగం ఇళ్లకు పంతొమ్మిదేళ్లు పప్పూ ఉప్పూ తూచి ఇచ్చింది. కింద పడి ఉన్న ఐదు రూపాయల బిళ్ల దొరికితే అది ఎవరిదో తెలిసేదాకా చింతపండు డబ్బాలో దాచి ఉంచింది. చదువుతూ ఇంకో వాక్యం దగ్గరికొచ్చింది. *బస్తా ఒకటికి నూటొక్క ప్యాకెట్లకు గాను.* మళ్లీ మొదటికొచ్చి చదివింది.

"సార్, బస్తా యాభై కిలోలే కదా?"

"అవును."

"అరకిలో ప్యాకెట్లు నూరు రావల్ల. నూటొకటి ఎట్ల వస్తాయి?"

మేనేజరు పెన్ను తిప్పడం ఆపాడు. "అది ప్యాకింగ్ ప్రాసెస్. నీకర్థం కాదు."

"శానా బాగా అర్థమయితాండాది సార్." ఆమె గొంతు పెరగలేదు. "పనిలో చేరిన వారమే అడిగినా, ఖాళీ కవరు పెట్టి మిషను సున్న చెయ్యొద్దా అని. కంపెనీ సెట్టింగు, ముట్టొద్దన్న్యారు. అంటే కవరు బరువు గూడా పప్పులోనే. బస్తాకొక ప్యాకెట్టు ఆ కవర్లలోనించే పుడతాంది. నాది తొంభై తొమ్మిదొచ్చె. ఒకటి నేను కొసరేసినా, ఒప్పుకుంటా. మరి ఆ నూటొకటోది ఎవరు దొంగిలించినారో గూడా రాయండి ఈడ."

"గొంతు తగ్గించు."

"మేం తినేది సర్కారు బియ్యం. మీ ముందర రోడ్డు సర్కారుది. జబ్బు చేస్తే మేం పోయేది పెద్దాసుపత్రికి. మా జీతంలో కోస్తారే గానీ ఆ ఈఎస్ఐ కార్డు ఇంతవరకూ చూపలేదు. మీ చేతినించి వచ్చేదేంది సార్, తూకంలో కవరా?"

కాగితం బల్ల మీద పెట్టింది. సిరా డబ్బీ మూత వెతికి, దాన్ని మూసి, కాగితం మీద బరువుగా ఉంచింది.

"నేను వెయ్యను."

గది బయట హనుమేష్ చెప్పినట్టే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడని అతని ముఖమే చెబుతోంది. రాహేలమ్మ ప్యాకింగ్ గదికి పోలేదు. జనం మధ్యలోంచి నేరుగా కూరగాయల తూకం దగ్గరికి నడిచింది. గిరాకీలు వంకాయలు, ఉల్లిగడ్డలు తూచుకునే తూకం అది. అంకెలు పైన ఎర్రగా, అందరికీ కనిపించేలా వెలుగుతాయి.

బిల్లు కట్టి సంచితో వస్తున్న కృష్ణవేణమ్మ ఎదురైంది. రిటైరైన పంతులమ్మ, పాతబజారు దుకాణానికి పాత గిరాకీ. రాహేలమ్మను చూసి కాస్త తడబడింది.

"ఏమనుకోవద్దు రాహేలూ. ఆ సందులో నీళ్లు దాటనీకె నా మోకాళ్లు ఒప్పవు, అందుకే ఈడికి…"

"అనుకోనమ్మా. కందిపప్పు కొన్న్యారా?"

"రెండు ప్యాకెట్లు. ఏమి?"

"ఒకటి చింపుతా, ఇస్తారా? తూకం వెయ్యల్ల."

కృష్ణవేణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. వెనక వడివడిగా వస్తున్న మేనేజరునూ చూసింది. సంచిలోంచి ప్యాకెట్టు తీసి చేతికిచ్చింది.

మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, సరుకు ఇక్కడ విప్పకూడదు. స్టోర్ రూల్."

"బిల్లు కట్టినాక అది మీ సరుకా, నా సరుకా నాయనా? ముప్పై నాలుగేండ్లు లెక్కలు చెప్పినా. ఇంటి పన్ను గూడా ఏటేటా కడతాండా. మీ ముందర రోడ్డులో నాదీ ఒక గంపెడు కంకర ఉండాది. చింపు రాహేలూ."

క్యూలో ఎవరో నవ్వారు. బుట్టలు నేల మీద పెట్టి నలుగురు దగ్గరికొచ్చారు. రాహేలమ్మ ప్యాకెట్టు తిప్పి చూసింది. మూలన ప్యాక్ చేసినవాళ్ల నంబరు ఉంటుంది. తనది ఏడు. దీని మీద మూడు ఉంది. సోమక్కది.

ఆమె చేతులు ఆగాయి. తన మెడకు పడ్డది సోమక్క మెడకు చుట్టడమా? తలెత్తితే ప్యాకింగ్ గది తలుపులో ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు, పప్పు దుమ్ముతో పచ్చటి ముఖాలతో. పనివేళ వాళ్లు ఆ గడప దాటడం అదే మొదటిసారి.

"నాదే కదా, చింపు!" అని అక్కడి నుంచే కేకేసింది సోమక్క. "మిషను చెప్పినంతే ఏసినా నేను. తక్కువుంటే మిషన్నే పట్టకపోతారులే పోలీసులు!"

ఈసారి అందరూ నవ్వారు. మేనేజరు ముఖం కందగడ్డయింది.

"హనుమేష్! ఆ తూకం ఆఫ్ చెయ్!"

హనుమేష్ గోడ దగ్గరికి వెళ్లాడు. స్విచ్చు మీద వేలు పెట్టాడు. అతని జీతం పదహారు వేలు. ఆలూరు దగ్గర ఎండిన ఎకరన్నర చేను, ఆ జీతం మీదే బతికే ఇంట్లో నలుగురు. ఈ సంగతి మేనేజరుకు తెలుసు, రాహేలమ్మకూ తెలుసు. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

పంటితో కవరు అంచు చింపింది. తూకం పళ్లెంలోకి పప్పు జలజలా రాలింది. ఎర్రటి అంకెలు పరుగందుకున్నాయి. రెండు వందల పది. మూడు వందల అరవై. నాలుగు వందల డెబ్బై.

"ఆఫ్ చెయ్యమన్నానా!"

హనుమేష్ వేలు స్విచ్చు మీదే ఉంది. అది కిందికి దిగలేదు.

రాహేలమ్మ ఖాళీ కవరును దులిపి, ఆఖరి గింజ కూడా పళ్లెంలో పడేలా చేసింది. ఆ వెంటనే ఆమె కుడిచెయ్యి కొసరు వేయడానికి అలవాటుగా లేచింది. నాలుగు వేళ్ల కొసలూ దగ్గరికి చేరాయి. పక్కనే కృష్ణవేణమ్మ సంచి నోరు తెరుచుకుని ఉంది, అందులో రెండో ప్యాకెట్టు కనిపిస్తోంది.

ఆమె ఆ చేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని వెనక్కి తీసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. నాలుగు వందల తొంభై దాటిన ఎర్రటి అంకె ఇంకా ఊగుతోంది, నిలవలేదు.